క్రుంగిన ప్రాణంతో మాట్లాడటం

ఆలోచించడానికి మనం రోజూ వాడే తెలుగు మాట 'అనుకోవడం'. తనకు తాను చెప్పుకోవడమన్నమాట. కాబట్టి విశ్వాసి తనతో తాను మాట్లాడుకోవచ్చా అని అడగనక్కర్లేదు, పొద్దున లేచింది మొదలు అందరం చేస్తున్నది అదే. 'నా ప్రార్థన ఎవరు వింటున్నారు', 'ఇక నా వల్ల కాదు' అన్నవి కూడా మనకు మనం చేసుకునే ప్రసంగాలే. డాక్టరుగా పనిచేసి, తర్వాత లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్ చాపెల్‌లో 1968 వరకు సంఘ కాపరిగా (పాస్టరుగా) ఉన్న మార్టిన్ లాయిడ్-జోన్స్ పట్టుకున్నది ఈ సంగతినే. లోపలి గొణుగుడు వింటూ కూర్చుంటాం తప్ప దానికి ఎదురు చెప్పం, దిగులు చాలావరకు అక్కడే పెరుగుతుంది అని ఆయన బోధ.

ఆ బోధకు ఆధారం బైబిల్‌లోని 42వ కీర్తన. "నా ప్రాణమా, నీవేల క్రుంగియున్నావు? నాలో నీవేల తొందరపడుచున్నావు?" గోడమీద వాక్యంగా ఇది అందరికీ తెలుసు. ఆ పక్క వచనమే ఎవరూ గోడకు తగిలించరు. దేవునియందు నిరీక్షణ ఉంచమని చెప్పుకున్న వెంటనే, తన ప్రాణం ఇంకా క్రుంగే ఉందని కీర్తనకారుడు ఒప్పేసుకుంటాడు. కాసేపటికి, నన్నెందుకు మరిచావని దేవుణ్నే నిలదీస్తాడు. 11వ వచనంలో మళ్లీ అదే ప్రశ్న. మూడోసారి 43వ కీర్తన చివర్లో. ఈ రెండూ మొదట ఒకే కీర్తన అని చాలామంది పండితులు అంటారు. అంటే మొదటిసారి చెప్పుకున్నది సరిపోలేదు. మూడోసారికైనా బాధ తీరిందని ఎక్కడా లేదు. ఒక్క ఆదివారం ఆరాధనతో విశ్వాసం తిరిగి రగలాలని టెన్షన్ పడేవాళ్లు ఇక్కడ కాస్త ఆగి చూడాలి.

కీర్తనల గ్రంథం 1వ కీర్తనలో 'ధ్యానించు' అని తెలుగులోకి వచ్చిన హెబ్రీ క్రియ 'హాగా'. యెషయా గ్రంథంలో సింహం గుర్రుమనడానికీ, గువ్వ మూలగడానికీ అదే క్రియ. అంటే అదీ తనకు తాను చెప్పుకోవడమే. ఆ ధ్యానానికి శబ్దం ఉంది, పెదవులు కదులుతాయి.

మనస్తత్వ శాస్త్రం కూడా ఈ దారిలోకి వచ్చింది. 'నేను' అనకుండా తన పేరుతోనో, 'నువ్వు' అనో తనను తాను పిలుచుకుంటే ఒత్తిడిని తట్టుకోవడం తేలికవుతుందని ఈథన్ క్రాస్ బృందం 2014లో ప్రచురించిన పరిశోధన చెబుతోంది. 'నా ప్రాణమా, నీవేల' అన్నదీ ఆ పిలుపే. అయితే టెక్నిక్ ఒక్కటే విశ్వాసమైపోదు. లూకా సువార్త 12వ అధ్యాయంలో యేసు చెప్పిన ఉపమానంలోని ధనవంతుడూ తన ప్రాణంతో మాట్లాడాడు, తిను, తాగు, సంతోషించు అని. చక్కటి పాజిటివ్ థింకింగ్. ఆ రాత్రే చనిపోయాడు. అతని సంభాషణలో కొట్లున్నాయి, ధాన్యముంది, దేవుడు లేడు. ఇంకోమాట, నెలల తరబడి వదలని డిప్రెషన్‌కు డాక్టరు కావాలి. వాక్యం చెప్పుకుంటే చాలని పంపేయడం క్రూరత్వం.

నాకు అన్నిటికన్నా దగ్గరగా అనిపించేది, యెరూషలేము నాశనాన్ని తలచి ఏడ్చే విలాపవాక్యములు గ్రంథం 3వ అధ్యాయం. యెహోవాయందు తనకిక ఆశ లేదని 18వ వచనంలో అనుకున్నవాడే, 24వ వచనానికి వచ్చేసరికి యెహోవా నా భాగమని అనుకుంటాడు. తెలుగు బైబిల్‌లో రెండుచోట్లా అదే మాట, అనుకోవడం. ఈ మధ్యలో యెరూషలేము బాగుపడలేదు, చెరపట్టినవాళ్లు వదిలిపెట్టలేదు. 21వ వచనంలో అతను ఒకటి జ్ఞాపకం చేసుకున్నాడు, అంతే.