ఆకాశానికి తాళం, ప్రయాణికుడికి శిక్ష

మన విమానాలకు పాకిస్థాన్, పాకిస్థాన్ విమానాలకు మనం ఆకాశం మూసిన నిషేధాన్ని మరో నెల పొడిగించారు. 24వ తేదీ దగ్గరపడితే చాలు, ఇస్లామాబాద్ నుంచి ఒక నోటీసు, దానికి జవాబుగా ఢిల్లీ నుంచి ఇంకొకటి. పహల్గాం దాడి తర్వాత, 2025 ఏప్రిల్‌లో మొదలైన గగనతల నిషేధం ఇప్పుడు కరెంటు బిల్లులా నెలనెలా వస్తోంది. ఎవరికీ కోపం కూడా రావడం లేదు. మా భయమంతా అదే.

ఢిల్లీ నుంచి వాషింగ్టన్‌కు సుమారు 12 వేల కిలోమీటర్లు. పాకిస్థాన్ మీదుగా పోవలసిన మన విమానం నిషేధం మొదలయ్యాక అరేబియా సముద్రం మీదకు దిగి చుట్టు తిరిగింది. అమెరికాకు నడిచే మన విమానాలు ఇంధనం కోసం వియన్నాలోనో కోపెన్‌హాగెన్‌లోనో ఆగిన రోజులున్నాయి. చివరికి 2025 సెప్టెంబరు 1 నుంచి ఎయిరిండియా వాషింగ్టన్ సర్వీసునే ఆపేసింది. ఆధునికీకరణకు పంపడంతో వచ్చిన విమానాల కొరత ఒక కారణమైతే, మూసిన ఆకాశం మరొకటని ఆ సంస్థే చెప్పింది. విదేశీ విమానాలకు మాత్రం ఆ దారి తెరిచే ఉంది.

దేశ భద్రత ముఖ్యమే, కాదనం. కానీ 1944లో దేశాలు విమానయానంపై చేసుకున్న షికాగో ఒప్పందం 9వ అధికరణ ఏమంటోంది? అత్యవసర వేళ ఆకాశం మూయవచ్చు, అయితే ఏ దేశపు విమానమనే తేడా లేకుండా అందరికీ మూయాలి. యుద్ధమో, జాతీయ అత్యవసర పరిస్థితో ప్రకటిస్తే వేరు సంగతి. ఇక్కడ అవేవీ లేకుండానే వాళ్లు మన విమానాలను ఆపారు, వారం తిరగకముందే మనమూ వాళ్లవి ఆపాం. 2019లో బాలాకోట్ తర్వాత ఇదే జరిగితే ఎయిరిండియాకు జులై 2 నాటికే 491 కోట్ల నష్టమని ప్రభుత్వం రాజ్యసభకు చెప్పింది. అప్పుడు నాలుగున్నర నెలలకే తెరిచారు. ఈసారి ఆ తొందర కూడా లేదు. అటు పాకిస్థాన్ కూడా తొలి రెండు నెలల్లోనే 410 కోట్ల పాకిస్థానీ రూపాయలు పోగొట్టుకున్నట్టు తన పార్లమెంటులో ఒప్పుకుంది.

ఇది అలవాటైతే రేపు ఎవరైనా ఎవరికైనా మూస్తారు. 2022లో యూరప్ విమానాలకు రష్యా తన ఆకాశం మూసేసరికి తొమ్మిదిన్నర గంటల హెల్సింకీ–టోక్యో ప్రయాణం పదమూడు గంటలైంది, ఇప్పుడు దాని గురించి మాట్లాడేవారే లేరు. అలవాటంటే ఇదే.

పౌర విమానయాన మంత్రి రామ్మోహన్‌నాయుడు శ్రీకాకుళం వారు. కూతురి పురిటికని ఊరగాయ జాడీలు సర్దుకుని అమెరికా బయల్దేరే అమ్మల సంగతి ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు. 9వ అధికరణను అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ ముందు పెట్టి, తేడా లేని నిబంధనకు మేం సిద్ధం, మీరు సిద్ధమా అని పాకిస్థాన్‌ను నిలదీయవలసింది ఆయన శాఖే. మనమూ అదే తప్పు చేస్తూ ఆ మాట అడగలేం కాబట్టి, ముందు మన నోటీసు సంగతి తేల్చండి. అది చేతకాకపోతే, ఇంకెన్నాళ్లు చుట్టు తిరగాలో ఆ తల్లులకైనా సూటిగా చెప్పండి.