గేర్‌బాక్స్ గౌరవం కాపాడుకుందాం

కారు మూడో గేరులో ఇరుక్కుపోతే ముందు వైర్లు చూడాలని ఈమధ్య కొందరు ప్రచారం మొదలుపెట్టారు. దీన్ని మొగ్గలోనే తుంచెయ్యాలి. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ అంటే ఆషామాషీ వస్తువా? టార్క్ కన్వర్టర్, క్లచ్ ప్లేట్లు, వాల్వ్ బాడీ, వాటి మధ్య చీమ దూరే సందుల్లో పరుగెత్తే ఆయిల్. అంతటి మహాయంత్రం వేలెడు లేని వైరు వల్ల పడుకుందంటే నలుగురిలో తలెత్తుకోగలమా? రోగమంటూ వస్తే పెద్ద రోగమే రావాలి.

నా కారు విషయంలో నేనీ సిద్ధాంతానికే కట్టుబడ్డాను. ఒకరోజు డ్యాష్‌బోర్డు మీద డ్రైవ్ గేరును చూపే 'డి' అక్షరం ఆరుతూ వెలుగుతూ కొట్టుకోవడం మొదలైంది. యాక్సిలరేటర్ ఎంత తొక్కినా ఇంజను అరుస్తుందే గానీ పైగేరు పడదు. ఆగి కదలాలంటే బండి బురదలో దిగబడ్డ ఎద్దులా మూలుగుతుంది.

దీన్ని లింప్ మోడ్ అంటారట. సెన్సర్లు పంపే కబుర్ల మీద నమ్మకం పోతే గేర్‌బాక్స్ కంప్యూటర్ సోలినాయిడ్లకు, అంటే గేర్లు మార్చే ఆయిల్‌కు దారి తెరిచి మూసే కరెంటు వాల్వులకు, కరెంటు ఆపేస్తుంది. కరెంటు లేకపోయినా ఆయిల్ ప్రెషర్‌తోనే ఒక గేరు పట్టుకునేలా తయారీలోనే ఏర్పాటు ఉంటుంది. చాలా బళ్లలో అది రెండోదో మూడోదో. ఇంటిదాకా చేరడానికి అది చాలు. అంటే సరైన సమాచారం అందనప్పుడు ఆ కంప్యూటర్ సొంత నిర్ణయాలు మాని ఊరికే కూర్చుంటుంది. ఈ దుర్గుణం మనుషులకు అంటకపోవడం మన అదృష్టం.

మనుషులంటే గుర్తొచ్చింది, నేను బండి తీసుకెళ్లిన మెకానిక్. డిప్‌స్టిక్ తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి తీశాడు. ఆయిల్ ఎర్రగా తేటగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మాడువాసన లేదు. "ఆయిల్ బ్రహ్మాండంగా ఉంది సార్. గేర్‌బాక్సే పోయింది" అన్నాడు. ఆ తర్కం చూసి మురిసిపోయాను. ఆయిల్ మాడితే గేర్‌బాక్స్ పోయినట్టు, మాడకపోతే ఆ సంగతి దాచిపెట్టినట్టు.

బండి కంప్యూటర్ రాసుకున్న తప్పులు చదివే స్కానర్ పెడితే పి0700 అనే కోడ్ వచ్చింది. నిజానికి ఆ కోడ్ చెప్పేది ఒకటే: గేర్‌బాక్స్ కంప్యూటర్ దగ్గర ఏదో ఫిర్యాదు ఉంది, వెళ్లి దాన్నే అడగండని. గుమ్మంలో నిలబడి "లోపల నాన్న ఉన్నారు" అని చెప్పే పిల్లాడిలాంటిదన్నమాట. మేం మాత్రం లోపలికి వెళ్లి నాన్నను పలకరించలేదు. గుమ్మంలోంచే పాడె కట్టడం మొదలుపెట్టాం.

మధ్యలో ఒక దివ్యౌషధం కూడా ప్రయోగించాం. బ్యాటరీ టెర్మినల్ ఊడదీసి పావుగంట తర్వాత బిగించడం. రెండు రోజులు బండి పెళ్లికొడుకులా నడిచింది, మూడో రోజు మళ్లీ మొదటికొచ్చింది. అలా చేస్తే తప్పు ఏ వేగంలో, ఏ పరిస్థితిలో జరిగిందో కంప్యూటర్ రాసుకున్న వివరాలు కూడా చెరిగిపోవచ్చట. పోతే పోనీ. సాక్ష్యాలుంటే విచారణ చెయ్యాల్సి వస్తుంది.

మాకు తెలిసినాయన ఒకరి బండి పార్కింగ్ గేరులోంచి కదలనని మొండికేసింది. ఆయనా గేర్‌బాక్స్ అనే అనుకున్నాడు. బ్రేకు తొక్కిన కబురు అందితే తప్ప లివర్ కదలనివ్వని తాళం ఒకటుంటుంది. ఆ కబురు పంపేదీ, బ్రేకు లైటు వెలిగించేదీ ఒకే స్విచ్. అది కాస్తా పోయింది. బండి వెనక్కి వెళ్లి బ్రేకు లైటు వెలుగుతోందో లేదో చూస్తే తెలిసేది. కానీ అంత పరువుగల మనిషి బండి వెనక్కి ఎందుకు వెళ్తాడు?

కొండను తవ్వి ఎలుకను పట్టారని ఎగతాళి చేస్తారు గానీ, వైరు కొరికింది నిజంగా ఎలుకే అయినా మన వృత్తిధర్మం ప్రకారం కొండనే తవ్వాలి.

గేర్‌బాక్స్ విప్పే తవ్వకానికి ముహూర్తం పెట్టుకున్న రోజే అపశకునంలా ఒక పాత ఎలక్ట్రీషియన్ దాపురించాడు. వచ్చీరాగానే స్కానర్‌తో గేర్‌బాక్స్ కంప్యూటర్‌నే అడిగాడు. స్పీడ్ సెన్సర్ మీద ఒకటి, సోలినాయిడ్ల మీద రెండు, మొత్తం మూడు ఫిర్యాదులు. "ముగ్గురికీ ఒకేరోజు జ్వరమొచ్చిందంటే ఒకే బావి నీళ్లు తాగుంటారు సార్. పొద్దున్నే స్టార్టర్ బద్ధకంగా తిరుగుతోందా?" అన్నాడు. తిరుగుతోంది. అది బ్యాటరీ వయసనుకున్నాను.

"ఎర్త్ వైరు చూశానన్నా, మీటరు బీప్ అంది" అన్నాడు మెకానిక్. గేర్‌బాక్స్ ఒంటిని బ్యాటరీ నెగటివ్‌కు కలిపే వైరది.

"మీటరు పంపే పిసరంత కరెంటుకు ఒక్క పోగున్నా బీప్ అంటుంది తమ్ముడూ. బరువు మోయించి చూడాలి."

ఇంజను స్టార్ట్ చేయించి, హెడ్‌లైట్లు, ఫ్యాను వేయించి, మీటరు ఒక కొన బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది గేర్‌బాక్స్ ఒంటి మీద ఆనించాడు. ఆ రెంటి మధ్య తేడా 0.2 వోల్టులు దాటకూడదట. 1.1 చూపించింది. బ్యాటరీ కింద చెయ్యి పెట్టి తడిమి ఒక బోల్టు విప్పాడు. దాని కింద ఆ ఎర్త్ వైరు కొనకున్న రింగు పచ్చగా చిలుము పట్టి, అటూ ఇటూ వంచితే పొడి రాలుతోంది. కొత్త రింగు వేసి, గేర్‌బాక్స్ మీద ఆ చోటును ఎమెరీ పేపరుతో తళతళలాడేలా రుద్ది, బిగించాడు. కోడ్‌లు చెరిపి ఒక రౌండు తిప్పితే గేర్లన్నీ వెన్నలో వేలు పెట్టినట్టు పడ్డాయి.

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. వారం రోజులుగా ఆఫీసులో అందరూ జాలిపడి లిఫ్ట్ ఇస్తున్నారు. పెద్ద ఆపరేషన్ ఉందని మా బావమరిదికి కూడా ఫోన్లో చెప్పేశాను.

"బిల్లులో ఏం రాయమంటారు సార్?" అన్నాడు మెకానిక్, నాకంటే దిగులుగా.

"గేర్‌బాక్స్ పని అని రాయి" అన్నాను. "ఆ బోల్టు ఉన్నది దానికే కదా."