ముసుగేసుకున్న గింజల మిషను గారికి

మహారాజశ్రీ గింజల మిషను గారి దివ్య సముఖానికి,

ఒడిశాలో గుణుపురం వైపు ఒక మండిలో, అంటే సర్కారు ధాన్యం కొనే చోట, మొన్న మధ్యాహ్నమంతా మీ ఎదురుగా బస్తాల మీద కూర్చున్న రైతు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. మీరు క్షేమంగా ఉన్నారని చూడగానే తెలిసిపోయింది. ఒంటి మీద ప్లాస్టిక్ కవరు ఇంకా విప్పలేదు. నెత్తిన ప్రారంభోత్సవం నాటి కుంకుమ బొట్టు అలాగే ఉంది. దాని పక్కనే ఎవరిదో టిఫిన్ క్యారేజీ, టీ గ్లాసు పెట్టి తీసిన గుండ్రటి మరకలు. సుఖపడుతున్నారు, సంతోషం.

మీ గొప్పతనం మాకు ముందే చెప్పారు. ట్రేలో గుప్పెడు ధాన్యం పరిస్తే చాలట. కెమెరాతో ఫొటో తీసి, రంగు మారినవెన్ని, పచ్చిగింజలెన్ని, మట్టీ రాయీ ఎంత అని చిటికెలో లెక్క తేల్చి కాగితం చేతిలో పెడతారట. గింజ తప్ప ఎవరి మొహమూ చూడరట. ఇంకేం, నాణ్యత లేదని సాకు చెప్పి తూకంలో కోసే కటనీ ఛటనీ పీడ విరగడైందని మా ఊరంతా సంబరపడ్డాం.

తమరు విశ్రాంతిలో ఉండగా తమ పని ఎవరు చేశారో కూడా విన్నవించుకుంటాను. మిల్లు తరఫు మనిషి చేశాడు. అసలాయనకి మండిలో ఏం పనో నన్నడక్కండి. చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని మాట్లాడుతూనే నా బస్తాలో చెయ్యి పెట్టాడు. గుప్పెడు తీసి, నలిపి, ఉఫ్ అని ఊదాడు. రెండు గింజలు పంటికింద వేసుకుని కటుక్కుమనిపించాడు. తేమ మీటరు అప్పటికే 16 శాతం చూపించింది, హద్దు 17. అందుకని తేమ జోలికి పోకుండా "పచ్చిగింజ ఉంది, ఐదు" అన్నాడు. ఐదంటే పచ్చిగింజల శాతం కాదండోయ్. క్వింటాలుకి ఐదు కిలోలు కోత.

పచ్చిగింజ 3 శాతం దాటకూడదని రూలు. ఒక్క ఊదుకి 3కీ 4కీ తేడా కనిపెట్టే మహానుభావుణ్ణి నేను అక్కడే చూశాను. 2025-26 పంటకి మామూలు రకానికి మద్దతు ధర 2,369 రూపాయలు, పైన రాష్ట్రం ఇచ్చే 800. అంటే క్వింటాలు 3,169. ఐదు కిలోలంటే నూట యాభై ఎనిమిది రూపాయలు. ఆయన ఊదిన గాలికి అంత ఖరీదు! పోనీ పైవాళ్ళకి ఫిర్యాదు రాద్దామంటే చేతిలో కాగితం ముక్క ఉండాలి కదా. ఊదినదానికి రసీదు ఇవ్వరట.

"ఆ మిషనులో పెట్టి చూడండి బాబూ" అని మర్యాదగానే అడిగాను. కరెంటు సరిగ్గా ఉండదన్నారు. నెట్ రాదన్నారు. నడపడం వచ్చిన మనిషి లేడన్నారు. ఇవేవీ పూర్తిగా అబద్ధాలు కావు. మా వైపు కరెంటు సంగతి నాకు తెలీదా? కానీ అదే బల్ల మీద, అదే ప్లగ్గు బోర్డుకి, అదే నెట్‌తో, అదే కుర్రాడి చేతిలో కంటి మిషను పొద్దున్నుంచీ పని చేస్తూనే ఉంది. నేను నేనేనా కాదా అని నా కనుపాప చూసి తేల్చింది. ఒకసారి సిగ్నల్ పోతే ఆ కుర్రాడు దాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని రోడ్డు దాకా వెళ్ళి, సిగ్నల్ పట్టుకుని మరీ వచ్చాడు. మీ కోసం ఎవరైనా గుమ్మం దాకా అయినా వెళ్ళారా?

ఫలానా రోజున ధాన్యం తెమ్మని ఇచ్చే టోకెన్ సంగతి సరేసరి. తేదీ దాటితే అది చచ్చినట్టే లెక్క, తప్పు ఎవరిదైనా. మెసేజ్ ఒడియాలో వస్తుంది. మా పెదనాన్నకి ఒడియా మాటలు నాకంటే బాగా వచ్చు, అక్షరాలే రావు. పోనివ్వండి.

మా బావమరిది బరంపురంలో ఎంబీఏ చదువుతున్నాడు. తోడుగా వచ్చి, నా పక్క బస్తా మీద కూర్చుని, నా కడుపు మండుతుంటే పాఠం మొదలెట్టాడు. ఒక సంస్థ కొత్త టెక్నాలజీని ఎందుకు తీసుకుంటుందో 1990లోనే టోర్నట్‌స్కీ, ఫ్లైషర్ అనే ఇద్దరు చెప్పారట. ఆ వస్తువు ఎలాంటిది, సంస్థకి డబ్బూ మనుషులూ ఉన్నారా, బయటి నుంచి ఒత్తిడి ఎంత - ఈ మూడూ చూడాలట. మూడూ ఉన్నాయి కదరా అన్నాను. అంగట్లో అన్నీ ఉన్నాయి, అల్లుడి నోట్లో శని ఉందన్నట్టుంది మన మండి. వాడు తల గోక్కుని, 1983లో డిమాజియో, పావెల్ అనేవాళ్ళు ఇంకోటి చెప్పారన్నాడు. సంస్థలు పని బాగవుతుందనే కొత్తవి తెచ్చుకోవట. పైనుంచి హుకుం వచ్చిందనో, పక్కవాడు తెచ్చాడనో కూడా తెచ్చుకుంటాయట. ఇదేదో మన మండిని చూసి రాసినట్టే ఉందే అన్నాను.

రిచర్డ్ హీక్స్ అనే ఆయన 2003లో ఒక అంచనా వేశాడట. మనలాంటి దేశాల్లో సర్కారు కంప్యూటర్ పథకాల్లో 35 శాతం మొత్తానికే పోయాయి, 50 శాతం సగంసగం, 15 శాతమే గట్టెక్కాయి అని. మరి తమరు ఏ లెక్కలో? నన్నడిగితే ఫైల్లో ఆ 15 శాతంలోనే ఉండి ఉంటారు. దండతో ఫొటో ఉందిగా!

పర్లాకిమిడి రాజావారు 1900లో నౌపడా నుంచి పర్లాకిమిడికి చిన్న రైలు వేయించారు. అది మా గుణుపురం చేరేసరికి 1931. అంత ఆలస్యమైనా వచ్చాక కూత వేసింది, జనాన్ని ఎక్కించుకుంది. దాన్ని స్టేషన్లో నిలబెట్టి గుడ్డ కప్పలేదు.

ఇక మర్యాదలు నా వల్ల కాదు. ఒరేయ్, నీకు కరెంటు లేక కాదురా. నన్ను పట్టుకునే మిషను ఒక్క పూట ఆగితే మండి మొత్తం పరుగులు పెడుతుంది. వాళ్ళని పట్టుకునే మిషను నువ్వు. నువ్వు ఆగితేనే వాళ్ళకి నాలుగు మెతుకులు. నువ్వు కళ్ళు తెరిచి "పచ్చిగింజ 2 శాతం" అని ఒక్క చీటీ కొట్టావంటే ఆ ఊదుడు బేరం మూతపడుతుంది. అది తెలిసే నీ మీద టిఫిన్ క్యారేజీ పెట్టారు.

నీ మీద నాకు కోపం లేదు. నువ్వు లేచి "నీ ధాన్యం పనికిరాదు పో" అన్నా మారుమాట్లాడకుండా బండి వెనక్కి తిప్పుకుంటాను. కాకపోతే ఎంత శాతమో రాసివ్వు, చాలు.

వచ్చే టోకెన్ రోజుకి ఎక్స్‌టెన్షన్ బాక్సు కొని తెస్తున్నాను. ప్లగ్గు ఖాళీ లేదని కొత్త సాకు చెప్పినా చెల్లదు. బావమరిది కూడా వస్తాడు. వాడి ఫోనులో నెట్ ఉంది, వీడియో తియ్యడమూ వచ్చు. క్యారేజీ ఎవరిదో వాళ్ళే దించుకోవాలి.

ఇట్లు,
క్వింటాలుకి ఐదు కిలోలు తరిగిన రైతు