మా అత్తయ్య ఫొటో ఫ్లెక్సీ మీద, మా గోడ ఫొటో ఎవరి దగ్గరా లేదు

ఇందాక మా మెయిన్ రోడ్డు మీద సన్మాన సభ ఫ్లెక్సీ ఒకటి చూసి వచ్చాను. చేతులు ఇంకా వణుకుతున్నాయి, అయినా ఇప్పుడే రాస్తున్నాను. వరదల్లో సేవ చేసిన వాళ్ళకి సన్మానం చేస్తున్నారట. చెయ్యాల్సిందే. పిలిస్తే నేనూ వెళ్ళి ఆ కుర్రాళ్ళకి దండం పెట్టి వచ్చేదాన్ని. కానీ ఆ ఫ్లెక్సీలో సగం మా అత్తయ్యే ఉన్నారు. 2024 సెప్టెంబరులో విజయవాడ సింగ్‌నగర్‌లో మా ఇంటి ముందు పడవ ఎక్కిస్తున్నప్పుడు తీసిన ఫొటో అది. తడిసి ఒంటికి అంటుకుపోయిన నైటీ, భుజం మీద చిన్న తువ్వాలు, ఊడిపోయిన జుట్టు ముడి, భయంతో నోరు తెరిచి అరుస్తున్న ముఖం. పాల ప్యాకెట్ కోసం గేటు దాకా వెళ్ళాలన్నా చీర కట్టుకుని, కొంగు భుజం నిండా కప్పుకుని వెళ్ళే మనిషి ఆవిడ.

ముందు చూసింది ఆవిడే. రైతుబజారుకి వెళ్ళి వస్తూ చూశారు. ఇంటికొచ్చి కూరల సంచి గుమ్మం దగ్గరే పెట్టేసి, "చీర కట్టుకునే టైమన్నా ఇచ్చాయా అమ్మాయ్ ఆ నీళ్ళు?" అన్నారు. ఇంకేం మాట్లాడలేదు. మధ్యాహ్నం అన్నం ముట్టలేదు.

ఫ్లెక్సీ మీద ఉన్న నంబరుకి ఫోన్ చేశాను. ఎవరిని అడిగి ఆ ఫొటో వేశారు అన్నాను. "రెస్క్యూ గ్రూపులోంచి వచ్చిందండీ, అందరి ఫోన్లలోనూ ఉంది. ఫొటోలో ఎమోషన్ బాగుందని పెట్టాం" అన్నాడు. ఎమోషనట! మా అత్తయ్య చచ్చిపోతానేమో అనుకున్న క్షణం అది. దాన్ని బాగుంది అన్నాడు. పైగా, "మంచి పనికే కదమ్మా వాడింది" అని నాకే సర్దిచెప్పాడు.

ఇప్పుడు కామెంట్లలో ఎవరో ఒకరు వస్తారని నాకు తెలుసు. ప్రాణాలు కాపాడిన వాళ్ళనే తప్పు పడతారా, అసలు ఆ టైములో ఫొటోలెందుకు, ఫొటోలే తియ్యకూడదు అంటారు. నేను ఆ మాట అనట్లేదు. ఫొటోలు తియ్యాలి. ఇంకా చాలా తియ్యాలి. వరద వచ్చినా తుఫాను వచ్చినా ముందు లోపలికి వెళ్ళేది పడవ వాళ్ళు, ఫైర్ వాళ్ళు, పోలీసులు, కరెంటు వాళ్ళు. మీడియా వాళ్ళు ఫ్లైఓవర్ మీద నిలబడి ఎంతసేపు చూపించినా లోపలి సందులోకి రాలేరు. ఊరికి ఏమైందో, ఏ ఇంటికి ఎంత దాకా మునిగిందో కళ్ళతో చూసేది ఈ మనుషులు. వాళ్ళ ఫోనులో ఉన్న ఫొటోయే ఈ ఊరికి అసలైన సాక్ష్యం. నా కోపమంతా ఒక్కటే. ఊరికి పనికొచ్చే ఫొటో ఎవరి దగ్గరా మిగల్లేదు, మనిషి పరువు తీసే ఫొటో మాత్రం ఊరంతా తిరుగుతోంది.

మా గోడ సంగతి చెప్తాను వినండి. సెప్టెంబరు 1 ఆదివారం బుడమేరు వాగు నీళ్ళు మా మీద పడ్డాయి. గట్టుకి మూడు చోట్ల గండ్లు పడ్డాయి. వాటిని పూడ్చడానికి ఆర్మీ వాళ్ళు కూడా వచ్చారు, ఆఖరి గండి పూడ్చేసరికి శనివారం అయింది. నీళ్ళు తీశాక రాష్ట్రం నలుమూలల నుంచి ఫైరింజన్లు వచ్చి రోడ్లూ ఇళ్ళూ కడిగాయి. మా సందులోకి వచ్చిన ఫైర్ కుర్రాళ్ళని ఎప్పటికీ మర్చిపోను. బూట్లలోకి బురద దిగిపోతున్నా, ఒక్కళ్ళన్నా విసుక్కోకుండా, "పక్కకి జరగండమ్మా" అంటూ హాల్లో పేరుకున్న బురదంతా పైపుతో బయటికి కొట్టారు. కడిగే ముందు ఒక ఫొటో, కడిగాక ఒక ఫొటో తీశారు. పైవాళ్ళకి పంపాలి కదా. జీపీఎస్ కెమెరా యాప్‌తో తీస్తున్నారు. ఫొటో కింద నల్లపట్టీ మీద తేదీ, టైము, ఏరియా పేరు, అక్షాంశం రేఖాంశం, మూలన చిన్న మ్యాపు. ఆ ఫోన్ నాకు చూపించారు కూడా. కడగక ముందు తీసిన ఫొటోలో మా హాలు గోడ మీద గోధుమరంగు గీత ఈ చివర నుంచి ఆ చివరకి, స్విచ్‌బోర్డు పైనుంచి స్పష్టంగా కనిపిస్తోంది. స్విచ్‌బోర్డు లోపల్నుంచి బురద కారుతోంది. అంతకన్నా రుజువు ఏం కావాలి?

నష్టం రాసుకునే సర్వే వాళ్ళు వచ్చే లోపు మేం ఇల్లు కడుక్కున్నాం. కడుక్కోరా మరి? ఆ కంపులో ముసలావిడని పెట్టుకుని సర్వే వచ్చేదాకా కూర్చుంటామా? బ్లీచింగ్ వేసి గోడలు తోమాను. కింది అంతస్తు మునిగితే 25 వేలు, పై అంతస్తుల వాళ్ళకి 10 వేలు అని ప్రభుత్వం ప్రకటించింది. వచ్చినతను గోడ వంక చూసి, "ఆనవాలేం లేదుగా మేడమ్, నీళ్ళు మెట్ల దాకే వచ్చినట్టున్నాయి" అని ఏదో నొక్కుకుని వెళ్ళిపోయాడు. జాబితాలో మా పేరు లేదు. అర్జీ పెట్టాం. ఫొటో ఉందా అన్నారు. మా ఫోన్లు అప్పటికి బియ్యం డబ్బాలో ఉన్నాయి. ఆరితే ఆన్ అవుతాయేమోనని ఎవరో చెప్తే పెట్టాం, ఏదీ ఆన్ కాలేదు.

ఫైర్ కుర్రాడిది మా పక్కింటి పిన్నిగారి ఊరే. నంబరు పట్టుకుని ఫోన్ చేశాను. పాపం చాలా బాధపడ్డాడు. "అక్కా, రోజుకి వందల ఫొటోలు తీశాం. గ్రూపులో పెట్టేశాక మెమరీ నిండిపోయిందని తీసేశాం" అన్నాడు. ఆ గ్రూపులో ఉన్న పెద్దాయన్ని అడిగితే, అవి ఆఫీసు ఫొటోలు, బయటివాళ్ళకి ఇవ్వకూడదు అన్నారు. బయటివాళ్ళెవరండీ? ఆ గోడ నాది, ఆ స్విచ్‌బోర్డు నాది, ఆ బురదలో తేలిన పెళ్ళి ఆల్బమ్ నాది. నా గోడ ఫొటో నాకివ్వడానికి రూల్స్ అడ్డొచ్చాయి. మా అత్తయ్య నైటీ ఫొటో ఫ్లెక్సీ ప్రింటర్ దాకా వెళ్ళడానికి ఏ రూలూ అడ్డు రాలేదు.

సమాచార హక్కు కింద అడగొచ్చు కదా అని మా తమ్ముడు అన్నాడు. దాచినది ఉంటే కదా అడిగేది? వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో సైజు తగ్గిపోతుంది, ఫొటో ఫైలులో ఉండే తేదీ, చోటు వివరాలు పోతాయి. పట్టీ మీది అక్షరాలు మసకబారిపోతాయి. ఎవరు తీశారో, ఏ సందులో తీశారో తెలియదు. ఆ తర్వాత అది వట్టి బొమ్మ, ఎవరైనా ఎక్కడైనా పెట్టుకోవచ్చు.

అమెరికాలో బాస్కెట్‌బాల్ ఆటగాడు కోబీ బ్రయంట్ సంగతి మీకు గుర్తుందా? 2020 జనవరిలో హెలికాప్టర్ కూలి ఆయన, ఆయన కూతురు, మొత్తం తొమ్మిది మంది చనిపోయారు. అక్కడికి వెళ్ళిన షెరిఫ్ మనుషులు (అక్కడి పోలీసులు), ఫైర్ మనుషులు కొందరు శవాల ఫొటోలు సొంత ఫోన్లలో తీసి ఒకళ్ళకొకళ్ళు పంపుకున్నారు. ఒకతను బార్‌లో కూర్చుని అక్కడ పనిచేసే వాడికి చూపించాడు. భార్య వెనెస్సా ఊరుకోలేదు, కోర్టుకెక్కింది. 2022లో జ్యూరీ ఆవిడ పక్షాన తీర్పిచ్చింది, మర్నాటి ఏడు కౌంటీ, అంటే అక్కడి జిల్లా ప్రభుత్వం, దాదాపు 2 కోట్ల 90 లక్షల డాలర్లు ఇచ్చి రాజీ చేసుకుంది. ఇలా సాయానికి వెళ్ళిన సిబ్బంది ఆఫీసు పనికి కాకుండా చనిపోయిన వాళ్ళ ఫొటో తీస్తే నేరం అని కాలిఫోర్నియా చట్టమే తెచ్చింది. డబ్బున్న వాళ్ళు కాబట్టి అంత దూరం వెళ్ళగలిగారు, నిజమే. మా అత్తయ్య తరఫున ఏ లాయరు వస్తాడు? పైగా ఆవిడ బతికే ఉన్నారు. బతికున్న మనిషి రేపు అదే రోడ్డు మీద కూరలు కొనుక్కోవాలి.

అలా అని అందరూ ఒకటే అనను. 2011లో జపాన్ సునామీ తర్వాత శిథిలాల్లో మనుషుల కోసం వెతుకుతున్న సైనికులు, ఫైర్ వాళ్ళు, పోలీసులు బురదలో దొరికిన ఫ్యామిలీ ఆల్బములు పక్కన పెట్టారు. వాటిని ఒకచోట చేర్చితే వాలంటీర్లు నీళ్ళతో మెల్లగా కడిగి, తీగల మీద క్లిప్పులు పెట్టి ఆరబెట్టి, ఎవరివి వాళ్ళకి ఇచ్చారు. ఇది చదివిన రోజు నేను ఏడ్చాను. మా పెళ్ళి ఆల్బమ్ పేజీలన్నీ అతుక్కుపోయి ఇటుకలా అయింది. సందు చివర పరుపులు, సోఫాలు పారేసిన కుప్పలో వేస్తే జేసీబీ ఎత్తుకుపోయింది. మా మామయ్యగారివి మాకు మిగిలిన ఫొటోలు అందులోనే ఉండేవి.

ఇంకో మాట. ఇది ఎప్పట్నుంచో నా కడుపులో ఉన్న మంట. మేం ఈ ఇల్లు కొన్నప్పుడు అమ్మినతను, మధ్యవర్తి ఇద్దరూ దేవుడి మీద ఒట్టేసి చెప్పారు, ఇక్కడికి నీళ్ళు రానే రావు, ఇది మెరక అని. దిగి కాపురం పెట్టాక వెనక సందు మామ్మగారు చెప్పారు. 2005లో బుడమేరు పొంగినప్పుడు ఇదే సందులో కిటికీల దాకా నీళ్ళొచ్చాయట. అప్పుడు కూడా పడవలు వచ్చాయి, అప్పుడు కూడా ఫొటోలు తీసే ఉంటారు. ఎక్కడున్నాయవి? ఏ బీరువాలో, ఏ పాత కంప్యూటర్లో ఉన్నాయి? వీధి పేరుతో, తేదీతో అవి జనం చూసే చోట ఉంటే మాకు ఈ ఇల్లు అంటగట్టగలిగేవాళ్ళా? బ్యాంకు వాళ్ళు లోను ఇచ్చేముందు ఒకసారి చూసుకునేవాళ్ళు కారా? ఒక్క ఫొటో ఉంటే మా ఇరవై ఏళ్ళ ఈఎంఐ వేరే చోట ఉండేది.

ఇప్పుడు టీవీల్లో కూర్చున్న ప్రతివాళ్ళూ, "బుడమేరులో ఇళ్ళు కట్టుకుంటే మునగరా" అని మమ్మల్నే అంటున్నారు. బుడమేరుని బెజవాడ దుఃఖదాయని అని మా చిన్నప్పట్నుంచీ పేపర్లలో రాస్తూనే ఉన్నారు. అంత పేరున్న ఏరుకి, అది ఎక్కడెక్కడ దాకా వచ్చి వెళ్ళిందో వీధివీధికీ చూపించే ఫొటోలు కొనుక్కునే వాడికి కనపడే చోట ఎందుకు పెట్టలేదు? 1908 మూసీ వరద ఫొటోలు ఇప్పటికీ చూస్తున్నాం. ఆ వరద చూశాకే హైదరాబాదుకి గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువులు కట్టించారు. నూరేళ్ళు దాటిన వరద ఫొటో ఉంది. నా ఇంట్లోకి వచ్చిన వరద ఫొటో మాత్రం మెమరీ నిండిందని పోయింది.

కృష్ణ మీద ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు వెళ్ళాయని అందరికీ నోటికొచ్చు, పుస్తకాల్లో కూడా రాస్తారు. మంచిదే. వాంబే కాలనీలో ఎంత లోతు నిలిచింది, రాజరాజేశ్వరిపేటలో ఏ సందులోంచి ముందు తోసుకొచ్చింది, పాయకాపురంలో ఏ ట్రాన్స్‌ఫార్మర్ దాకా మునిగింది, అవెవరు రాస్తారు? అవన్నీ ఆ పడవ కుర్రాళ్ళ ఫోన్లలో ఉన్నాయి. డ్రోన్లతో అన్నం ప్యాకెట్లు పంపినప్పుడు పైనుంచి వీడియోలు తీశారుగా, మేమంతా చూశాం. ఆ వీడియోలు ఒక్కచోట చేర్చి ఉంచితే రేపు ఏ కాలవ వెడల్పు చెయ్యాలో, ఏ కల్వర్టు పగలగొట్టాలో ఎవరూ వాదించుకోనక్కర్లేదు.

ఆ కుర్రాళ్ళని నేను ఏమీ అనను. వాళ్ళు సొంత ఫోను, సొంత డేటా వాడారు, చార్జింగ్ లేక తిప్పలు పడ్డారు. ఏ ఫొటో తియ్యాలి, ఏది తియ్యకూడదు, ఎక్కడ దాచాలి అని వాళ్ళకి ఒక్కరోజన్నా ఎవరైనా నేర్పారా? పని జరిగినట్టు రుజువు పంపమని పైనుంచి ఫోన్ల మీద ఫోన్లు, గ్రూపులో పెట్టారా పెట్టారా అని టెన్షన్. అందుకని పడవలో ఉన్న మనిషి ముఖం తీస్తారు, ఎందుకంటే ముఖం ఉంటేనే కాపాడినట్టు పైవాళ్ళు నమ్ముతారు. గోడ మీద గీత తీస్తే ఎవరూ మెచ్చుకోరు. పులిహోర ప్యాకెట్ చేతిలో పెట్టి, ఫొటో అయ్యేదాకా చెయ్యి వదలని నాయకులని ఆ వారం రోజులూ చూశాం. ఆ అలవాటే కిందిదాకా పాకింది.

నేనడిగేది పెద్ద విషయం కాదు. ప్రతి టీములో ఒకరికి ఆఫీసు ఫోను ఇవ్వండి. సందు మొదట్లో ఒకటి, చివర ఒకటి, ప్రతి గుమ్మానికి ఒకటి ఫొటో తియ్యమనండి. ఆ ఇంటి వాళ్ళు ఆధార్ చూపించి అడిగితే వాళ్ళ ఇంటి ఫొటో వాళ్ళకి ఇవ్వండి. మనుషుల ముఖాలున్నవి ఆ మనిషి ఒప్పుకోకుండా గ్రూపు దాటి వెళ్తే, పంపిన వాళ్ళ మీద చర్య తీసుకోండి. ఆ ఫ్లెక్సీ సంగతి మా ఆయన చూస్తానని వెళ్ళారు, ఈ రాత్రికి దించేదాకా నేను నిద్రపోను.

ఇది చదువుతున్న వాళ్ళలో ఆ వారం సింగ్‌నగర్ వైపు పడవ మీద గానీ, ఫైరింజన్ మీద గానీ పనిచేసిన వాళ్ళు ఉంటే మీకో మాట, బాబూ. మీ పాత ఫోనులో, గూగుల్ ఫొటోస్‌లో ఒకసారి వెతకండి. 2024 సెప్టెంబరు తేదీలు పెట్టి చూడండి. మా వీధిలో గోడలు, గేట్లు, కరెంటు స్తంభాలు కనిపించే ఫొటో ఏదున్నా నాకు మెసేజ్ చెయ్యండి. వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి, అలాగైతే తేదీ పోదు. ఫొటోలో మనుషులు కనిపిస్తే వాళ్ళ ముఖాలు చెరిపేసి పంపండి. మా అర్జీ ఇంకా పెండింగులోనే ఉంది.