ఇచిరోను 107 అనే ఒక్క అంకెతో తూచేవారికి

జపాన్ నుంచి వచ్చి అమెరికా బేస్‌బాల్‌లో పేరు తెచ్చుకున్న ఇచిరో సుజుకీ పేరు ఎత్తగానే రెండు రకాల వాదనలు వినిపిస్తాయి. జపాన్‌లో కొట్టిన 1,278 హిట్లను (బ్యాటర్ బంతిని కొట్టి, బేస్ అనే గమ్యస్థానానికి అవుట్ కాకుండా చేరితే అది హిట్) అమెరికాలో కొట్టిన 3,089కి కలిపి, మొత్తం 4,367 కనుక అమెరికా ఆటగాడు పీట్ రోజ్ 4,256 హిట్ల రికార్డు ఎప్పుడో చెరిగిపోయిందని తీర్మానించేది ఒకటి. ఓపీఎస్ ప్లస్ అనే కొలత దగ్గర 107 అని చూసి, సగటు బ్యాటర్ కంటే కొంచెం మెరుగు, తక్కినదంతా ప్రచారమని కొట్టిపారేసేది రెండోది. మొదటి వాదన అభిమానంలోంచి వస్తుంది కాబట్టి దానితో నాకు పెద్ద పేచీ లేదు. రెండో వాదన మాత్రం గణాంకాల పేరు చెప్పుకుని వస్తుంది కాబట్టి, దానికి గణాంకాలతోనే జవాబు చెప్పాలనిపించింది.

ముందుగా ఆ 107 సంగతి చూద్దాం. బ్యాటర్ ఎంత తరచుగా బేస్ చేరాడు, ఎంత బలంగా కొట్టాడు అనే రెండు కొలతలను కలిపి, ఆడిన మైదానం స్వభావాన్నీ ఆనాటి లీగ్ స్థాయినీ బట్టి సవరించి, సగటును 100గా పెట్టుకుని చెప్పే అంకె ఇది. ఇచిరోకు 107 రావడంలో అన్యాయమేమీ లేదు. ఆయన కొట్టిన 3,089 హిట్లలో 2,514 ఒక్క బేస్ దాకా మాత్రమే చేర్చే సింగిల్స్, అంటే ప్రతి అయిదింటిలో నాలుగు. బ్యాటర్ బేస్‌లన్నీ చుట్టివచ్చే హోమ్ రన్ విలువ సగటున 1.4 పరుగులైతే, సింగిల్ విలువ అర పరుగుకు కాస్త తక్కువ. బంతి విసిరే పిచ్చర్ నాలుగు చెడ్డ బంతులు వేస్తే ఉచితంగా దక్కే బేస్‌ను, అంటే వాక్‌ను, ఆయన పెద్దగా ఇష్టపడలేదు. 10,734 సార్లు బ్యాటింగ్‌కు వచ్చి 647 వాక్‌లే తీసుకున్నారు. అందుకే .311 బ్యాటింగ్ సగటు ఉన్నా, బేస్ చేరిన నిష్పత్తి .355 దగ్గరే ఆగిపోయింది. ఇదే కోవకు చెందిన టోనీ గ్విన్‌కు ఓపీఎస్ ప్లస్ 132. బ్యాటర్‌గా గ్విన్ ఒక మెట్టు పైన ఉన్నాడని ఒప్పుకోవడానికి ఇచిరో అభిమానులు సంకోచించనక్కర్లేదు.

అయితే ఆ అంకె బ్యాటు చేతిలో ఉన్నంతసేపే కొలుస్తుంది. ధోనీని బ్యాటింగ్ సగటుతో మాత్రమే తూచి, వికెట్ల వెనుక చేసిన పనిని లెక్కలోకి రానివ్వకపోతే మనం ఒప్పుకుంటామా? ఇచిరో విషయంలో సరిగ్గా అదే జరుగుతోంది.

ఆయన బ్యాటింగ్‌కు నిలబడిన తీరు చూసినవారికి గుర్తుండే ఉంటుంది: కుడిచేత్తో బ్యాటును పిచ్చర్ వైపు నిలువుగా చాచి, ఎడమచేత్తో కుడి భుజం దగ్గర చొక్కాను కాస్త పైకి లాగి, ఆ తర్వాతే కుదురుకోవడం. ఎడమచేతి వాటం బ్యాటింగ్ కనుక మొదటి బేస్‌కు ఒక అడుగు దగ్గరగానే ఉంటారు, పైగా బంతి బ్యాటుకు తగిలే క్షణానికే దేహం పరుగు దిశలో కదిలిపోయి ఉంటుంది. రెండో, మూడో బేస్‌ల మధ్య నిలిచే షార్ట్‌స్టాప్ వైపు మెల్లగా దొర్లిన బంతి ఇంకెవరు కొట్టినా సునాయాసమైన అవుట్. ఇచిరో కొడితే షార్ట్‌స్టాప్ తొందరపడాలి, తొందరలో పట్టు జారాలి లేదా విసురు గురి తప్పాలి. అలా ఫీల్డర్ పొరపాటు వల్ల బేస్ చేరితే ఓపీఎస్ ప్లస్ దాన్ని అవుట్‌గానే పరిగణిస్తుంది. బేస్‌బాల్ రిఫరెన్స్ అనే గణాంకాల వెబ్‌సైట్ వారి వార్ లెక్క (అదేమిటో కింద చెబుతాను) ఇలాంటి సందర్భాలకూ విలువ కడుతుంది. అదే లెక్క బేస్‌ల దగ్గరే ఆగే ఇన్‌ఫీల్డ్ సింగిల్‌కు, వాటిని దాటి వెళ్ళే ఔట్‌ఫీల్డ్ సింగిల్ కంటే తక్కువ విలువ ఇస్తుందని కూడా చెప్పాలి, లేకపోతే నేనూ ఒక పక్షానికే లాయరునవుతాను. ఇవి గాక 626 ప్రయత్నాల్లో 509 సార్లు బేస్ దొంగిలించడం (పిచ్చర్ బంతి వేస్తుండగానే తర్వాతి బేస్‌కు పరుగెత్తి చేరడం), ఒకే బంతికి ఇద్దరు అవుటయ్యే డబుల్ ప్లేలను కాళ్ళ వేగంతో తప్పించడం ఉన్నాయి. వీటిలో ఏదీ ఆ 107లో లేదు.

ఇక ఫీల్డింగ్. 2001 ఏప్రిల్ 11న ఓక్లండ్‌లో, అమెరికా అగ్రశ్రేణి పోటీ అయిన మేజర్ లీగ్‌లో అడుగుపెట్టిన రెండో వారంలోనే, ప్రత్యర్థి రన్నర్ టెరెన్స్ లాంగ్ మొదటి బేస్ నుంచి మూడో బేస్‌కు పరుగెత్తుతుంటే, మైదానం కుడి చివరనుండే రైట్ ఫీల్డ్ నుంచి ఇచిరో విసిరిన బంతి నేల తాకకుండా నేరుగా మూడో బేస్ దగ్గరున్న డేవిడ్ బెల్ గ్లవ్‌లో పడింది. లాంగ్ అవుట్. పాత లెక్కలో దీనికి దక్కింది, అవుట్‌కు తోడ్పడినందుకు ఇచ్చే ఒక అసిస్ట్ మాత్రమే. ఆ విసురు చూసిన తర్వాత మూడో బేస్‌కు వెళ్ళే సాహసం మానుకుని రెండో బేస్ దగ్గరే ఆగిపోయిన రన్నర్ల విలువ ఎవరి ఖాతాలో వేయాలి? ఔట్‌ఫీల్డర్ చేతి బలాన్ని కొలిచే కొత్త లెక్కలు, ఆగిపోయిన రన్నర్లను కూడా పరిగణనలోకి తీసుకుంటాయి. ఇక్కడొక జాగ్రత్త అవసరం. 2003 నుంచి మాత్రమే డీఆర్ఎస్ అనే మెరుగైన ఫీల్డింగ్ లెక్క అందుబాటులో ఉంది. అంతకుముందు సీజన్లకు బేస్‌బాల్ రిఫరెన్స్ వాడేది మరింత మోటు పద్ధతి. కాబట్టి ఇచిరో మొదటి రెండేళ్ళ ఫీల్డింగ్ విలువను దశాంశాల దాకా నమ్మి వాదించుకోవడం వృథా.

బ్యాటింగ్, పరుగు, ఫీల్డింగ్, ఆడిన స్థానం అన్నీ పరుగుల్లోకి మార్చి, సుమారు పది పరుగులకు ఒక గెలుపు చొప్పున కట్టి, సులభంగా దొరికే ప్రత్యామ్నాయ ఆటగాడి కంటే ఎన్ని గెలుపులు ఎక్కువ తెచ్చాడో చెప్పేదే వార్. రైట్ ఫీల్డర్ అనగానే ఆ లెక్క ఏటా కొన్ని పరుగులు కోత వేస్తుంది, ఎందుకంటే ఆ స్థానంలో మంచి బ్యాటర్లు తేలిగ్గా దొరుకుతారు. ఆ కోత పోగా కూడా బేస్‌బాల్ రిఫరెన్స్ ప్రకారం ఇచిరోకు 60 మిగిలింది. గొప్ప ఆటగాళ్ళకు చోటిచ్చే హాల్ ఆఫ్ ఫేమ్‌లోని రైట్ ఫీల్డర్ల సగటు 70 దాటుతుంది కనుక ఈయన తక్కువే కదా అంటారు. తక్కువే. కానీ ఆ సగటులోకి వచ్చే ఆటగాళ్ళలో చాలామంది ఇరవై, ఇరవై ఒకటో ఏట మొదలుపెట్టారు, ఈయన మేజర్ లీగ్‌లో మొదటి బంతి ఎదుర్కొన్నది 27 ఏళ్ళ వయసులో. జే జాఫీ రూపొందించిన పద్ధతిలో ఉత్తమమైన ఏడు సీజన్లను విడిగా చూస్తే ఇచిరోది 43 దాటుతుంది, ఆ రైట్ ఫీల్డర్ల సగటు కూడా దాదాపు అంతే. మొత్తంలో కనిపించే లోటు, మంచి రోజుల్లో ఆడిన ఆటలో కనిపించదు.

2001 నుంచి 2010 దాకా వరుసగా పదేళ్ళు 200కు పైగా హిట్లు, ఫీల్డింగ్‌కు ఇచ్చే గోల్డ్ గ్లవ్‌లు పది. ఆ 60లో 50కి పైగా వచ్చింది ఈ పదేళ్ళలోనే. తర్వాతి తొమ్మిది సీజన్లలో 845 హిట్లు కొట్టారు గానీ గెలుపుల లెక్కలో చేరింది చాలా స్వల్పం. 3,000వ హిట్ 2016లో మయామీ తరఫున డెన్వర్‌లో ట్రిపుల్ (మూడు బేస్‌ల దెబ్బ) రూపంలో వచ్చింది. చూడముచ్చటైన సందర్భమే, విలువ లెక్కలో మాత్రం అప్పటికే కథ ముగిసింది. కెరీర్ మొత్తానికి తీసిన 107లో ఈ చివరి ఏళ్ళ బరువు కూడా ఉందని, ఆ అంకెను విసిరేవారు ఎందుకు చెప్పరో నాకు అర్థం కాదు.

అధునాతన గణాంకాలు ఇచిరోకు ఎప్పుడూ వ్యతిరేకమనుకోవడం కూడా పొరపాటే. 2001లో ఆయనకు ఆ ఏటి అత్యుత్తమ ఆటగాడి బహుమతి ఎంవీపీ ఇచ్చారు, 289 పాయింట్లకు 281తో జేసన్ జియాంబీ రెండో స్థానంలో నిలిచాడు. జియాంబీ ఆ ఏడాది .477 నిష్పత్తిలో బేస్ చేరాడు, దెబ్బ బలాన్ని కొలిచే స్లగ్గింగ్ .660, నా ఓటైతే నిస్సందేహంగా అతనికే. ఇచిరో జట్టు సియాటెల్ 116 మ్యాచ్‌లు గెలిచిన ఊపు ఇచిరోను ముందుకు నెట్టింది. 2004లో అంతా తలకిందులు. జార్జ్ సిస్లర్ 1920లో నెలకొల్పిన 257 హిట్ల రికార్డును చెరిపి 262 కొట్టారు, సగటు .372, వార్ 9 దాటింది, అది ఆయన జీవితంలోనే ఉత్తమ సీజన్. జట్టు 99 మ్యాచ్‌లు ఓడిపోయింది కనుక ఓటర్లు ఆయనను ఏడో స్థానంలో పెట్టారు. కొత్త లెక్కలు చూసి ఓటేసి ఉంటే 2001 బహుమతి పోయేది, 2004లో గట్టి పోటీదారుగా నిలిచేవారు.

మళ్ళీ ఆ 4,367 దగ్గరికి. జపాన్ హిట్లను అలాగే కూడడం సరికాదు. 2002లో జపాన్‌లో 50 హోమ్ రన్‌లు కొట్టిన హిడెకీ మాత్సుయీ మరుసటి ఏడాది న్యూయార్క్‌లో కొట్టింది 16. ఇచిరో కూడా అక్కడ ఒక సీజన్‌లో 25 కొట్టి, అమెరికాలో ఏ సీజన్‌లోనూ 15 దాటలేదు. అలాగని బ్యాటుకు బంతి తగిలించే నేర్పు సముద్రం దాటగానే పోలేదు: 2000లో జపాన్ జట్టు ఓరిక్స్ తరఫున సగటు .387, మరుసటి ఏడాది సియాటెల్‌లో .350. రోజ్‌తో పోల్చి తీరాలనుకుంటే ఒకే వయసులో పోల్చండి. ఇద్దరూ 27 నుంచి 45 దాకా మేజర్ లీగ్‌లో ఆడారు. ఆ వయసులో రోజ్ 3,357, ఇచిరో 3,089. రోజ్‌కు దొరికిన అవకాశాలు చాలా ఎక్కువన్నది కూడా పక్కన రాసుకోండి. ఈ ఒక్క పోలిక 4,367 కంటే నిజాయితీగా ఉంటుంది, ఇచిరోను ఏమాత్రం చిన్నబుచ్చదు కూడా.

2025లో 394 మంది ఓటర్లలో 393 మంది ఆయనను హాల్ ఆఫ్ ఫేమ్‌కు పంపారు. సియాటెల్ చుట్టుపక్కల స్థిరపడిన మనవాళ్ళలో ఎక్కువమంది ఆ ఓటెయ్యని ఒక్కరి మీద మండిపడ్డారు. నా కోపం వేరే చోట ఉంది. బాబీ అబ్రేయూ కూడా రైట్ ఫీల్డరే. అతని వార్ కూడా 60 చిల్లరే. 1,476 వాక్‌లు, 288 హోమ్ రన్‌లు, 400 దొంగిలించిన బేస్‌లు, .395 నిష్పత్తిలో బేస్ చేరడం, ఇవన్నీ ఉన్నా అదే ఎన్నికలో 20 శాతం ఓట్లు కూడా రాలేదు. హిట్ కళ్ళకు కనిపిస్తుంది, వాక్ కనిపించదు; గోల్డ్ గ్లవ్‌లు పది ఒకరికి, ఒకటి మరొకరికి. ఇచిరోకు వచ్చిన ఓట్లు తగ్గాలని నేను అనడం లేదు. 107 పేరుతో ఆయన మీద పడేవారు ఆ ఉత్సాహంలో సగం అబ్రేయూ మీద పెట్టి, ఓటర్లను ఇదే ప్రశ్న అడిగి ఉంటే బాగుండేది.