సరిహద్దు నవల తెరకెక్కాలంటే ఖర్చు ముందు మైకు మీద పెట్టాలి

1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు బరంపురం, పర్లాకిమిడి అటు చేరాయి. అక్కడి తెలుగు ఇళ్లలో మాట మారలేదు, బజారులో ఒడియా తోడైంది. ఆ ప్రాంతం నుంచి రాసే నవలాకారుడికి ఈ రెండు భాషల కలగలుపే ఆస్తి. సొంత డబ్బుతో పుస్తకం వేసుకున్న ఆ రచయితే చిన్న బడ్జెట్‌లో సినిమాకు దిగితే, ఖరీదైన కెమెరా అద్దెకు తెచ్చి, మాటల సంగతి డబ్బింగ్‌లో చూసుకుందామంటాడు. ఆస్తి పోయేది అక్కడే. స్టూడియోలో వేరే గొంతు పలికితే యాస నిలవదు. స్థానిక నాటక నటులనే తీసుకెళ్లినా, తెరమీది పెదాలకు మాట కలిపే అలవాటు లేక తడబడతారు. స్టూడియో అద్దె పెరుగుతూ పోతుంది.

అందుకే సింక్ సౌండ్, అంటే షూటింగ్‌లోనే నటుల మాటలు రికార్డు చేయడం, తప్పదు. పొడవాటి కర్రకు బిగించే బూమ్ మైకు నోటికి రెండు మూడు అడుగుల్లో, ఫ్రేముకు కాస్త పైన ఉండాలి. ఒక్కొక్కరికి కాలర్ మైకు అదనం. రంగస్థల నటులు హఠాత్తుగా గొంతెత్తితే రికార్డింగ్ పగిలిపోతుంది, ఎడిటింగ్‌లో అది బాగుపడదు. రికార్డర్ మీటరులో మాట మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడేలా లెవెల్ పెట్టి, సీనులో అతి పెద్ద గొంతుతో పలికే డైలాగ్‌ను అదే ఆవేశంతో ఒకసారి చెప్పించి చూడాలి. ఫ్యాను, ఫ్రిజ్ ఆపేయాలి. బరంపురం హౌరా–చెన్నై ప్రధాన రైలు మార్గం మీద ఉంది కాబట్టి పట్టాల పక్క ఇల్లు ఎంత అందంగా ఉన్నా వద్దనుకోవాల్సిందే. గోపాలపూర్ తీరంలో గాలికి స్పాంజి చాలదు, మైకుకు బొచ్చు తొడుగు కావాలి. ప్రతి లొకేషన్‌లోనూ అందరూ కదలకుండా నిలబడి అర నిమిషం నిశ్శబ్దం రికార్డు చేయాలి. అది లేకపోతే ఎడిటింగ్‌లో షాటు మారిన ప్రతిచోటా శబ్దం తెగినట్టు వినిపిస్తుంది.

సౌండ్‌కయ్యే ఈ డబ్బును లొకేషన్లు తగ్గించి మిగల్చాలి. గంటన్నర సినిమాకు సుమారు 90 పేజీల స్క్రీన్‌ప్లే చాలు. యూనిట్ చోటు మారితే రెండు మూడు గంటలు పోతాయి, ఆ పూటకు ఒక సీను తగ్గినట్టే. నవలలోని చోట్లను నాలుగైదుకు కుదిస్తే రోజుకు నాలుగైదు పేజీల చొప్పున 20 రోజుల్లో షూటింగ్ ముగుస్తుంది. పాత్రల మనసులోని మాటలను వాయిస్ ఓవర్‌గా పెట్టాలన్న మోజు వదులుకోవాలి. నవల బలమంతా అందులోనే ఉందనుకునేవారికి ఇది కష్టమే.

నిల్వ లెక్క సులువు. 100 ఎంబీపీఎస్‌లో, అంటే సెకనుకు 100 మెగాబిట్ల చొప్పున, తీస్తే గంటకు 45 జీబీ. నిమిషం సినిమాకు ఎనిమిది నిమిషాలు తీస్తే మొత్తం 540 జీబీ, మూడు కాపీలు పెట్టుకోవాలి.

నవల వేరే ప్రచురణకర్త దగ్గర అచ్చయి ఉంటే ఒప్పందం ముందే తీసి చదవాలి. సినిమా హక్కు కూడా రాసిచ్చి, గడువు పేర్కొనకపోతే 1957 కాపీరైట్ చట్టం దాన్ని ఐదేళ్లుగా పరిగణిస్తుంది.

విడుదలకు హైదరాబాద్ థియేటర్ కోసం పాకులాడటం కంటే సెన్సార్ సర్టిఫికెట్ తీసుకుని బరంపురం, పర్లాకిమిడి, ఇచ్ఛాపురంలో ఆటలు వేయడం మేలు. తెలుగు మాటలకు ఒడియాలో, ఒడియా మాటలకు తెలుగులో సబ్‌టైటిల్స్ ఉండాలి. రెండు వరుసలకు మించని ఆ వాక్యాలను బయటివారికి అప్పగించకుండా నవలాకారుడే రాయాలి.