మూలలున్నవాళ్లకు ఉద్యోగాలు లేవు

మొన్న మా మేనల్లుడు కొత్త గేమ్ ఒకటి పెట్టాడు. ఏ కంపెనీదో చెప్పను. ముందు ఒక లోగో పొగలోంచి వచ్చి, గిరగిరా తిరిగి, మెరిసి, మళ్లీ పొగలోకే పోయింది. వెనకే ఇంకో కంపెనీ లోగో. తర్వాత సౌండ్ వాళ్లది, ఆ తర్వాత గ్రాఫిక్స్ కార్డు వాళ్లది. వాడు ఎస్కేప్, ఎంటర్, స్పేస్ అన్నీ కొట్టాడు. ఏదీ పనిచేయలేదు. ఈలోగా మా అక్క వచ్చి, "ఇంకా ఆడుతూనే ఉన్నావా?" అని సిస్టమ్ కట్టేసింది. పాపం, వాడు ఆట మొదలుపెట్టనే లేదు.

దీని మీద లోతైన పరిశోధన జరగాలి. నాకు వేరే పనేమీ లేదు కాబట్టి నేనే చేశాను. నమూనాకు ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌ను తీసుకున్నాను. ట్రిప్ హాకిన్స్ యాపిల్ వదిలేసి 1982లో కాలిఫోర్నియాలో పెట్టిన గేమ్‌ల కంపెనీ. మొదటి లోగో ఒక చతురస్రం, ఒక వృత్తం, ఒక త్రిభుజం. జనం దాన్ని ఈ, ఓ, ఏ అని చదువుకున్నారు. ఈ అంటే ఎలక్ట్రానిక్, ఏ అంటే ఆర్ట్స్, మరి మధ్యలో ఈ ఓ ఎవరి తాలూకు? ఫ్లాపీ డ్రైవ్‌లో ఇరుక్కుపోయిన స్పాంజి బంతి అని కంపెనీ పత్రికలోనే జోకేశారు.

2000 వచ్చేసరికి చతురస్రం లేదు, త్రిభుజం లేదు. గుండ్రటి బిళ్ల మీద ఈఏ అని రెండు అక్షరాలు మిగిలాయి. అంటే మధ్యలో ఒక మీటింగ్ జరిగి ఉండాలి. హైదరాబాద్ ఐటీ జనానికి ఆ సీన్ నేను వివరించక్కర్లేదు. అయినా వివరిస్తాను.

"కూర్చోండి. ఇది మీ పనితీరు గురించి కాదండీ," అంటుంది హెచ్ఆర్ మేడమ్.

"పద్దెనిమిదేళ్ల సర్వీసు మేడమ్," అంటుంది చతురస్రం.

"అదేనండీ. మీకు మూలలున్నాయి. మూలలున్నవాళ్లు టీమ్‌లో ఇమడరు. వృత్తంగారిని చూడండి, ఎటు తోస్తే అటు దొర్లుతారు."

"నాకు మూడే మేడమ్! నాలుగున్నది వీడికి," అని త్రిభుజం వెంటనే పార్టీ ఫిరాయిస్తుంది.

"అందుకే మీ రిలీవింగ్ లెటర్‌లో మంచి మాట రాయిస్తున్నాం."

ఇద్దరూ ఐడీ కార్డులు టేబుల్ మీద పెట్టి, టిఫిన్ డబ్బాలు పట్టుకుని బయటికొస్తే, కాఫీ మిషన్ దగ్గర వృత్తం ఫోన్ చూసుకుంటున్నట్టు నటిస్తోంది. సోమవారానికి దాని మొహం మీద రెండు అక్షరాలు అతికించారు. అది కిక్కురుమనలేదు. కట్ చేస్తే 2023. ఫిఫాతో తెగతెంపులయ్యాయి, ఫుట్‌బాల్ గేమ్‌కు ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీ అని పేరు మార్చారు, లోగో ఏమిటయ్యా అంటే త్రిభుజం! కాంట్రాక్ట్ మీద తీసుకుని ఉంటారు. చతురస్రం ఇప్పటికీ రెజ్యూమే అప్‌డేట్ చేస్తూనే ఉంది.

ఈఏ స్పోర్ట్స్ లోగోకైతే అంతకు చాలా ముందే మాటలొచ్చాయి. "ఇట్స్ ఇన్ ద గేమ్" అని గంభీరమైన గొంతు. అసలు ఆటలో ఉన్నదంతా ఈ గేమ్‌లోనూ ఉంటుందని భావం. నెట్ కేఫ్‌లో గంట లెక్కన డబ్బులు కట్టి క్రికెట్ 07 ఆడినవాళ్లకు ఆ గొంతు గుర్తుండే ఉంటుంది. అంత నమ్మకంగా చెప్పాక లోపలికెళ్తే సచిన్ పేరే లేదు. మన జట్టు అసలు పేర్లకు లైసెన్సు లేదు మరి. ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లు బ్యాట్ పట్టుకుని దిగేవారు. నెట్‌లో దొరికే మార్పుల ఫైలు, అదే ప్యాచ్, వేసుకుని సచిన్‌ను మనమే దింపుకున్నాం.

వాళ్ల కార్ల రేసు గేమ్ నీడ్ ఫర్ స్పీడ్ ముందైతే గుసగుస: "ఛాలెంజ్ ఎవ్రీథింగ్". ఆ గుసగుస నడుస్తున్న రోజుల్లోనే, 2004లో, ఆ కంపెనీ ఉద్యోగికి కాబోయే భార్య ఒకావిడ పేరు దాచుకుని నెట్‌లో ఉత్తరం రాసింది. ఉదయం తొమ్మిది నుంచి రాత్రి పది దాకా, వారానికి ఏడు రోజులు, ఓవర్‌టైమ్ డబ్బుల్లేకుండా తన మనిషిని అరగదీస్తున్నారని. దేన్నైనా ఎదిరించమని బోధించిన లోగో, ఎదిరించినవాళ్లకు సుమారు 3 కోట్ల డాలర్లు ఇచ్చి కేసులు రాజీ చేసుకుంది.

లోగోలు ఎక్కువయ్యాయని ఇందాకటి నుంచి ఏడుస్తున్నాను కదా. తగ్గినవీ ఉన్నాయి. బుల్‌ఫ్రాగ్ అనే గేమ్ స్టూడియో 2001లో పోయింది. వెస్ట్‌వుడ్ 2003లో, ఆరిజిన్ 2004లో, పాండెమిక్ 2009లో, విసరల్ 2017లో. ఇవన్నీ ఒకప్పుడు తెర మీద ఈఏ బిళ్ల వెనకాలే వచ్చిన పేర్లు. విసరల్ ఒక్కటే సొంత బిడ్డ, మిగతావాటిని కొన్నారు. అన్నిటినీ పిండి, మూసేశారు. వాటిని మొదలుపెట్టినవాళ్లు లోగోలు గీయడానికి రాలేదు, ఆటలు తయారు చేయడానికి వచ్చారు. మొదట్లో ఇదే కంపెనీ గ్రామఫోను రికార్డు అట్టల్లాంటి కవర్లు వేసి, గేమ్ రాసినవాళ్లను కళాకారులని పిలిచి, వాళ్ల పేర్లు అచ్చు వేసింది. "కంప్యూటర్ మిమ్మల్ని ఏడిపించగలదా?" అని ప్రకటన కూడా ఇచ్చింది. కంప్యూటర్ సంగతేమో గానీ, కంపెనీ ఏడిపించింది! ఇప్పుడు ఏ గేమైనా చూడండి. లోగోను దాటనివ్వరు. చివర్లో పేర్లొస్తే మాత్రం దాటేయడానికి బటన్ రెడీగా ఉంటుంది. సిగ్గులేదూ?

2025 సెప్టెంబరులో ఈ బిళ్లను 5,500 కోట్ల డాలర్లకు అమ్ముతున్నట్టు ప్రకటించారు. కొనేవాళ్లలో సౌదీ ప్రభుత్వ నిధి ఉంది. వృత్తానికి కాస్త టెన్షన్‌గానే ఉండి ఉంటుంది.

మా మేనల్లుడు మాత్రం గేమ్ ఫోల్డర్‌లోకి వెళ్లి, ఆ వీడియో ఫైళ్ల పేర్లు మార్చేశాడు. ఇప్పుడు ఆట నేరుగా మొదలవుతోంది. మా అక్క వచ్చేసరికి వాడు రెండో లెవెల్‌లో ఉంటున్నాడు.